"మనకెందుకు" అన్న మాట దాటి: అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో జాతి న్యాయం గురించి పెద్దలనూ పిల్లలనూ మాట్లాడించడం ఎలా

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చేసరికి నల్లజాతి వారికి జరిగిన, జరుగుతున్న అన్యాయం గురించి బడిలోనో ఫోనులోనో స్నేహితుల నోటనో విని ఇంటికి వస్తారు. భోజనాల దగ్గర ఆ ప్రస్తావన తేగానే తల్లి గాని తండ్రి గాని "మనకెందుకమ్మా, నీ చదువు నువ్వు చూసుకో" అంటారు. ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో ఆ విషయం ఏళ్ళ తరబడి మూతబడిపోతుంది. పిల్లలు తల్లిదండ్రులను మనసు లేనివారిగా జమకడతారు, తల్లిదండ్రులు పిల్లలను లోకం తెలియనివారిగా జమకడతారు. ఈ రెండు తరాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించే ప్రయత్నంలో నేను కొన్నేళ్ళుగా పాలుపంచుకుంటున్నాను. "మనకెందుకు" అన్న మాట చాలాసార్లు భయంలోంచి వస్తుందని ఆ అనుభవంలో తెలుసుకున్నాను. ఆ భయానికి ముందుగా చోటిచ్చిన సమావేశాలు సాగాయి. ఇవ్వనివి మొదటి పావుగంటలోనే వాదులాటలుగా మారాయి. ఇలాంటి సమావేశం జరపాలనుకునే వారికి పనికివస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

పెద్దలతో ముందుగా విడిగా మాట్లాడండి

సమావేశానికి కనీసం రెండు వారాల ముందు వచ్చే ప్రతి కుటుంబంలోని పెద్దలతో ఫోనులోనో ఇంటికి వెళ్ళో మాట్లాడాలి. ఈ పని ఈమెయిలుతో జరగదు. హెచ్-1బి వీసా మీద ఉండి, గ్రీన్ కార్డు కోసం పదేళ్ళకు పైగా వరుసలో నిలబడిన మనిషికి ఉద్యోగం పోయి, త్వరలో మరొకటి దొరకకపోతే ఈ దేశంలో ఉండే హక్కే పోతుంది. అటువంటి తండ్రి తన కూతురు ఊరేగింపులో కనిపించిన ఫోటో ఎవరి కంట పడుతుందోనని బెంగపడితే దాన్ని పిరికితనం అనడం అన్యాయం. ఆ బెంగను ఆయన నోటనే చెప్పనివ్వండి, మధ్యలో సమాధానాలు చెప్పకండి. తరువాత మీ వైపు నుంచి కొన్ని మాటలు ఇవ్వండి: సమావేశంలో ఫోటోలు తీయరు, రికార్డింగు ఉండదు, ఎవరి ఇమ్మిగ్రేషన్ సంగతీ ఎవరూ అడగరు, ఏ కాగితం మీదా సంతకం పెట్టమనరు. ఇచ్చిన మాట తప్పితే ఆ కుటుంబం మళ్ళీ రాదు, వారి స్నేహితులూ రారు.

పిల్లలతో జరపాల్సిన ముందస్తు సంభాషణ వేరు. వారిలో చాలామంది తమ అమ్మానాన్నల తప్పులను నలుగురి ముందు పెట్టే అవకాశంగా ఈ సమావేశాన్ని చూస్తారు. "మా నాన్న రేసిస్టు" అన్న మాటతో మొదలుపెడితే ఆ తండ్రి ఇక ఏమీ వినడని, అదే కోపాన్ని ఒక సంఘటనగా చెబితే వినే వీలుందని వారికి ముందే వివరించాలి. ఏ రోజు, ఏ మాట అన్నారు, అది విన్నప్పుడు తనకేమనిపించింది అన్న మూడింటినీ చెప్పడం వారికి సాధన చేయించండి. ప్రశ్నలు తయారు చేసే బాధ్యత కూడా పిల్లలకే అప్పగించండి. ఇద్దరు ముగ్గురు హైస్కూలు పిల్లలు కలిసి రాసిన ప్రశ్నలు పెద్దలు రాసిన వాటికన్నా సూటిగా ఉంటాయి.

మొత్తం పన్నెండు నుంచి పదిహేను మందికి మించకుండా చూసుకోండి. గంటన్నర చాలు. ఏ పిల్లవాణ్నీ తన తల్లిదండ్రుల పక్కన కూర్చోబెట్టకండి. ఇంకొకరి బిడ్డ మాటలను మనం వినే ఓర్పు వేరు, ఇంకొకరి తల్లితో పిల్లలు మాట్లాడే మర్యాద వేరు. ఈ చిన్న ఏర్పాటు నేను చెప్పబోయే మిగతా మెళకువలన్నిటి కన్నా ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. పెద్దలు తెలుగులో, పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడితే ఫరవాలేదు. అయితే పిల్లల చేత తమ తల్లిదండ్రుల మాటలను అనువాదం చేయించకండి, ఆ పనికి ఒక పెద్ద మనిషి ఉండాలి.

మాటల సంగతి

తెలుగులో ఈ విషయం మాట్లాడటానికి కూర్చోగానే ఒక చిక్కు ఎదురవుతుంది. "జాతి" అన్న మాట మనకు జాతిపితలోనూ ఉంది, జాతీయ జెండాలోనూ ఉంది, కొన్నిచోట్ల కులం అన్న అర్థంలోనూ ఉంది. "వర్ణం" అంటే రంగూ గుర్తొస్తుంది, చాతుర్వర్ణ్యమూ గుర్తొస్తుంది. అందువల్ల మొదట్లోనే మన అర్థాన్ని స్పష్టం చేసుకోవాలి: ఇక్కడ జాతి అంటే ఒంటి రంగునూ పుట్టుకనూ ఆధారం చేసుకుని ఈ దేశపు చట్టాలూ అలవాట్లూ మనుషులను విడదీసిన తీరు. శరీర శాస్త్రంలో ఆ విభజనకు ఆధారం లేదు. ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ తీసుకున్నా సుమారు 99.9 శాతం ఒకటిగానే ఉంటుంది.

ఇళ్ళలో వాడే మాటల గురించి కూడా నిర్భయంగా మాట్లాడుకోవాలి. "ఆ నల్లోళ్ళ పేటలో ఇల్లు వద్దు", "ఆ కర్రోడితో స్నేహమేమిటి" వంటి మాటల్లోని తేలిక భావం తెలుగు సరిగా రాని పిల్లలకు కూడా గొంతును బట్టి తెలిసిపోతుంది. వాటి పక్కనే "పిల్ల చక్కనిదే గాని రంగు తక్కువ", "ఎండలో ఆడకు, నల్లబడిపోతావు" అన్నవి కూడా పెట్టి చూడమని అడగండి. ఈ చోట తల్లులు మాట్లాడటం మొదలుపెడతారు, ఎందుకంటే చామనఛాయ పిల్లగా పెరిగిన బాధ వారిలో చాలామందికి సొంతం. తన రంగు గురించి అత్తవారింట విన్న మాటను ఒక తల్లి చెప్పినప్పుడు, అప్పటివరకు ఆమెను విమర్శించాలని వచ్చిన పిల్లలు నిశ్శబ్దంగా వినడం నేను చూశాను.

"చిన్నపిల్లలకు రంగు తెలియదు, మనమే అనవసరంగా నేర్పుతున్నాం" అని తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. దీనికి జవాబుగా కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తల దంపతులు 1940 ప్రాంతంలో చేసిన బొమ్మల పరీక్ష గురించి చెప్పండి. మూడు నుంచి ఏడేళ్ళ వయసున్న నల్లజాతి పిల్లల ముందు రంగులో తప్ప మరి దేనిలోనూ తేడా లేని బొమ్మలు పెట్టి, మంచి బొమ్మ ఏది, చెడ్డ బొమ్మ ఏది అని అడిగితే ఎక్కువ మంది తెల్ల బొమ్మనే మంచిదిగా చూపారు. బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో సుప్రీం కోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పులో క్లార్క్ పరిశోధన ప్రస్తావనకు వచ్చింది.

ఒక కుటుంబం కథతో మొదలుపెట్టండి

నిర్వచనాలతోనూ గణాంకాలతోనూ మొదలుపెట్టిన సమావేశం తరగతి గదిలా తయారవుతుంది. ఒక్క కుటుంబానికి జరిగిన సంగతితో మొదలుపెడితే రెండు తరాలకూ ప్రవేశం దొరుకుతుంది. నేను తరచుగా వాడేది రూబీ బ్రిడ్జెస్ కథ. లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో, అంతవరకు తెల్లపిల్లలు మాత్రమే చదివిన విలియం ఫ్రాంట్జ్ ప్రాథమిక పాఠశాలకు 1960 నవంబరు 14న ఆరేళ్ళ రూబీ నలుగురు ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ భద్రతాధికారులు) కాపలాతో, బయట గుంపు తిట్లు కురిపిస్తుండగా నడిచి వెళ్ళింది. తెల్లజాతి తల్లిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించారు. ఆ సంవత్సరమంతా బార్బరా హెన్రీ అనే ఒకే ఒక టీచరు రూబీ ఒక్కదానికే పాఠాలు చెప్పింది. తండ్రి ఉద్యోగం పోయింది. మిసిసిపీలో కౌలు భూమి దున్నుకుంటున్న తాతా నాయనమ్మలను ఆ భూమి నుంచి వెళ్ళగొట్టారు.

మన సమావేశానికి అన్నిటికన్నా ఉపయోగపడే అంశం ఇందులో ఇంకొకటి ఉంది. ఆ అమ్మాయిని ఆ బడికి పంపడం తండ్రికి మొదట ఇష్టం లేదు, పంపాలని పట్టుబట్టింది తల్లి. పోరాటంలో నిలబడిన ఆ ఇంట్లోనే ఇద్దరు పెద్దలకు రెండు అభిప్రాయాలు ఉన్నాయని తెలిసినప్పుడు మన పెద్దలకు తమ సందేహం తప్పుగా అనిపించదు. అప్పుడు పిల్లలను "మీరు ఆ తండ్రి అయితే ఏం చేసేవారు?" అని, పెద్దలను "మీ బిడ్డ ఆ గుంపు మధ్య నడవాల్సి వస్తే మీ ఇరుగుపొరుగు నుంచి ఏం కోరుకునేవారు?" అని అడగండి. ప్రశ్న వేశాక మౌనం వస్తే కంగారుపడి మీరే మాట్లాడకండి. ఒక నిమిషం పాటు ఎవరూ మాట్లాడకపోయినా నష్టం లేదు.

వయసు ఎక్కువున్న పిల్లలైతే 1963 మే నెలలో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో జరిగినది చెప్పవచ్చు. జాతి విభజనకు వ్యతిరేకంగా జరిగే ఊరేగింపులో పాల్గొంటే ఉద్యోగాలు పోతాయని పెద్దలు వెనుకాడిన పరిస్థితిలో వేయిమందికి పైగా విద్యార్థులు బడులు వదిలి వీధుల్లోకి వచ్చారు. వందల మందిని అరెస్టు చేశారు. వారి మీదికి అగ్నిమాపక గొట్టాలతో నీళ్ళు కొట్టారు, కుక్కలను వదిలారు. పిల్లలను ముందుకు పంపడం సరైనదేనా అని ఉద్యమం లోపలే తీవ్రంగా చర్చించుకున్నారు, మార్టిన్ లూథర్ కింగ్ కూడా తటపటాయించారు. మన తల్లిదండ్రుల సందేహం ఆనాటి వారిలోనూ ఉందని తెలిస్తే చర్చకు లోతు వస్తుంది.

దృశ్యాల విషయంలో ఒక హెచ్చరిక. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను ఒక పోలీసు అధికారి మెడ మీద మోకాలు పెట్టి చంపిన దృశ్యాన్ని ఫోనులో చిత్రీకరించింది పదిహేడేళ్ళ అమ్మాయి. ఆ సాక్ష్యానికి 2021లో, పత్రికా రంగంలో పేరున్న బహుమతులు ఇచ్చే పులిట్జర్ సంస్థ ఆమెకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. ఆమె ధైర్యం గురించి చెప్పండి, ఆ వీడియో మాత్రం వేయకండి. మొదటి సంవత్సరం నేను ఈ తప్పు చేశాను. సమావేశానికి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయాడు. మాకు పాఠంగా కనిపించినది అతనికి తన ఇంట్లో జరగవచ్చునని రోజూ భయపడే సంగతి. నల్లజాతి స్నేహితులను పిలిచినప్పుడు మిగతా అందరితో సమానంగా మాట్లాడే మనుషులుగా పిలవాలి, వారి బాధను మనకు వివరించే పని వారి మీద పెట్టకూడదు. నా మటుకు నేను మొదటి రెండు సమావేశాలను మన కుటుంబాల మధ్యనే జరిపి, మన ఇళ్ళలోని మాటలను మనమే చూసుకున్న తరువాతే ఇతరులను ఆహ్వానిస్తాను.

"మేం కష్టపడి పైకి వచ్చాం"

ఈ వాక్యం ప్రతి సమావేశంలోనూ వస్తుంది. దాన్ని ఖండించకండి, ఎందుకంటే అది నిజం. ఆ నిజం పక్కన చట్టాల చరిత్రను కూడా పెట్టాలి. పంజాబు నుంచి వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు పౌరసత్వం చెల్లదని 1923లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది, ఎందుకంటే అప్పటి చట్టం తెల్లవారికీ ఆఫ్రికా సంతతి వారికీ మాత్రమే ఆ అవకాశం ఇచ్చింది. అంతకు ముందే పౌరసత్వం పొందిన మరికొందరు భారతీయుల నుంచి కూడా ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఇక్కడ పిల్లలు పట్టుకునే అంశం ఒకటుంది. థింద్ ఆ నియమమే అన్యాయమని వాదించలేదు. తాను అగ్రకులానికి చెందిన ఆర్యుణ్ని గనుక తెల్లవారి కిందికే వస్తానని వాదించాడు. మనుషులను విడదీసే గీత ఉండటం తప్పు అనడానికీ, నన్ను గీతకు అవతలి వైపు లెక్కించండి అనడానికీ ఉన్న తేడా గురించి అరగంట మాట్లాడుకున్నా వృథా కాదు. మా సమావేశాలన్నిటిలో పెద్దలూ పిల్లలూ ఒకే పక్షంలోనూ ఎదురెదురు పక్షాల్లోనూ కలగాపులగంగా చేరిపోయి వాదించుకున్నది ఈ ప్రశ్న మీదనే.

భారతీయులకు పౌరసత్వం పొందే హక్కు 1946లో వచ్చింది, అయితే ఏడాదికి వంద మందికి మాత్రమే వలస వచ్చే అనుమతి ఇచ్చారు. పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన ఆ పాత కోటాలను రద్దు చేసిన వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసింది 1965 అక్టోబరు 3న. నల్లజాతి వారు రక్తం ధారపోసి సాధించుకున్న ఓటు హక్కు చట్టం మీద ఆయన సంతకం చేసింది అదే సంవత్సరం ఆగస్టు 6న, అంటే రెండు నెలలైనా తిరగలేదు. పౌరహక్కుల ఉద్యమం మార్చిన వాతావరణంలోనే మనకు ఈ దేశం తలుపు తెరిచింది. దీన్ని రుణంగా చెప్పి తల్లిదండ్రులను సిగ్గుపరచకండి, తేదీలను చెప్పి ఆగండి. సంబంధం వారే చూస్తారు.

ఆ తరువాత ఇళ్ళ విషయానికి రండి, ఎందుకంటే హోమ్ లోన్ గురించి పిల్లలకన్నా పెద్దలకే బాగా తెలుసు. 1930ల దశాబ్దంలో ఒక ఫెడరల్ గృహరుణ సంస్థ నగరాల పటాలు తయారు చేసి, నల్లజాతి వారు ఉండే పేటలకు ఎర్ర రంగు వేసి, అవి అప్పు ఇవ్వడానికి ప్రమాదకరమని గుర్తించింది. పేటను బట్టి ఇలా అప్పు నిరాకరించే తీరునే రెడ్‌లైనింగ్ అంటారు. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం ఈ పటాలను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. మీ నగరం పటం ఉంటే తెర మీద పెట్టి, ఇప్పుడు ఆ పేటల్లో బడులూ చెట్లూ పార్కులూ ఎలా ఉన్నాయో కలిసి చూడండి. 108 నగర ప్రాంతాలను పరిశీలించి 2020లో వెలువరించిన ఒక అధ్యయనం ప్రకారం, వాటిలో 94 శాతం చోట్ల ఆనాడు ఎరుపు వేసిన పేటలే ఈనాటికీ వేసవిలో ఎక్కువ వేడెక్కుతున్నాయి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022లో జరిపిన సర్వేలో, ఆస్తి ప్రకారం వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే తెల్లజాతి కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు ఉండగా నల్లజాతి కుటుంబానిది 44,900 డాలర్లు మాత్రమే. అప్పు దొరకని తాతకు ఇల్లు లేదు, ఇల్లు లేని తాత మనవడికి ఇచ్చిపోగలిగినది తక్కువ అన్న సంగతి, సొంతింటి కోసం ముప్పై ఏళ్ళ అప్పు మోస్తున్న తండ్రికి ఎవరూ వివరించనక్కరలేదు.

వేడి పుట్టే చోట్లు

కాలేజీ సీట్ల గురించి తప్పకుండా మాట వస్తుంది. ప్రవేశాల్లో జాతిని పరిగణించడాన్ని 2023 జూన్ 29న సుప్రీం కోర్టు చెల్లదన్నది, ఆ కేసులో ఆసియా సంతతి విద్యార్థుల ఫిర్యాదే ముందుకు వచ్చింది. ఆ అంశాన్ని అణచివేయకండి, అలాగని ఆ రోజంతా దానికే అప్పగించకండి. దానికోసం వేరే రోజు పెట్టుకుందామని చెప్పి, ఆ రోజును నిజంగా పెట్టండి.

కులం ప్రస్తావన పిల్లల నుంచి వస్తుంది. "ఇక్కడి వివక్ష గురించి మాట్లాడుతున్నాం, మన పెళ్ళిళ్ళలో చూసేదేమిటి?" అని ఒక అమ్మాయి అడిగినప్పుడు గదిలో గాలి బిగుసుకుపోయింది. విషయం పక్కదారి పడుతోందని తప్పించడం ఇక్కడ పొరపాటు. 1946లో అంబేడ్కర్, నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాసి, భారతదేశపు అంటరానివారి, అమెరికా నల్లజాతి వారి పరిస్థితిలోని పోలికను ప్రస్తావించారు, డుబాయిస్ సానుభూతితో జవాబిచ్చారు. ఈ పోలికను ఆనాడే పెద్దవారు గుర్తించారని చెప్పి, అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పదలచిన వారికి సమయం ఇవ్వండి. జవాబు రాకపోతే ఆ ప్రశ్నను కాగితం మీద రాసి, తరువాతి సమావేశంలో మొదటి ప్రశ్నగా పెట్టండి.

ఎవరైనా గొంతు పెంచితే ఐదు నిమిషాలు టీ కోసం ఆపండి. వేరే ఇద్దరు మాట్లాడేవరకు ఒకరు రెండోసారి మాట్లాడకూడదన్న నియమాన్ని మొదటి నుంచీ పాటిస్తే ఆ అవసరం అరుదుగా వస్తుంది.

మాటల తరువాత చేయదగిన పని

రెండు మూడు సమావేశాల తరువాత కూడా కలిసి చేసే పని లేకపోతే పిల్లలు విసిగిపోయి రావడం మానేస్తారు. అందరికీ అందుబాటులో ఉండి, ఎవరి వీసానూ ప్రమాదంలో పెట్టని పని ఒకటి ఉంది. ఏ జాతి పిల్లలను ఎంతమందిని సస్పెండు చేశారో బడుల వారీగా ఫెడరల్ విద్యాశాఖ సేకరించి ప్రకటిస్తుంది. 2017-18 విద్యా సంవత్సరంలో దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల విద్యార్థుల్లో నల్లజాతి వారు సుమారు 15 శాతం, బడి నుంచి ఇంటికి పంపించే సస్పెన్షన్ పొందినవారిలో సుమారు 38 శాతం. మీ పిల్లల బడి అంకెలను ఒక పెద్ద, ఒక పిల్ల జంటగా కూర్చుని వెతకాలి. తండ్రుల్లో చాలామందికి అంకెల పట్టికలు రోజువారీ పని గనుక ఇక్కడ వారికి ఉత్సాహం వస్తుంది, ఆ అంకెల వెనుక ఉన్న తోటి విద్యార్థులు పిల్లలకు తెలుసు. తేడా కనిపిస్తే స్కూల్ బోర్డు సమావేశంలో ప్రజలకు ఇచ్చే రెండు మూడు నిమిషాల్లో, నింద లేకుండా, "ఈ తేడాకు కారణం ఏమిటి, దాన్ని తగ్గించడానికి ఏం చేస్తున్నారు" అని అడగవచ్చు. ఎవరు మాట్లాడాలన్నది కుటుంబాలే నిర్ణయించుకోవాలి. వెనుక వరుసలో కూర్చుని వినడం కూడా పాల్గొనడమే.

సమావేశం జరిగిన రెండు రోజుల లోపు, ఆ రోజు ఏమీ మాట్లాడని వారికీ మధ్యలో లేచి వెళ్ళినవారికీ ఫోను చేయండి. ఎందుకు మాట్లాడలేదని అడగకండి. ఇంటికి వెళ్ళాక పిల్లలతో ఏమైనా మాట వచ్చిందా అని మాత్రం అడిగి, వారు చెప్పినది విని, తరువాతి సమావేశం తేదీ చెప్పండి.